పేరు సాగదీస్తే కొండ పెరగదు

ఉత్తర ఇటలీలో, పియెమోంతే ప్రాంతంలో, బరోలో అని ఒక చిన్న ఊరుంది. అక్కడి రెడ్ వైన్‌కీ అదే పేరు. ఊరి పక్కనుంచి ఈశాన్యం వైపు సాగిపోయే పొడవాటి గట్టు పేరు కన్నూబి. ఈ గట్టు పేరు ఎవరు వాడుకోవచ్చు అన్న దాని మీద ఆ ఊరి కుటుంబాలు కోర్టుకెక్కాయి. 2013లో చివరి తీర్పు వచ్చింది. ఆ తీర్పు తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

పదేళ్లు దాటిన గొడవ ఇప్పుడెందుకు తవ్వుతున్నావు అంటారేమో. టురిన్‌లో ఉండే మన తెలుగువాళ్ల గ్రూపులో ఈ మధ్య ఒకరు బరోలో వెళ్లొచ్చి ఫొటోలు పెట్టారు. కింద "ఈ కొండంతా కన్నూబీనేనట, ఏ సీసా కొన్నా ఒకటేనట, గైడ్ చెప్పాడు" అని రాశారు. ఆయన తప్పేం లేదు, విన్నది రాశారు. కానీ ఒకటి కాదండీ. ఎందుకు కాదో తెలిసి కూడా ఊరుకోవడం నాకు చేతకాలేదు.

బరోలో మొత్తం నెబ్బియోలో అనే ఒక్క ద్రాక్ష రకంతోనే చేస్తారు. మొండి రకం. అక్కడి మిగతా ద్రాక్షల కంటే ఆలస్యంగా, ఎక్కువగా అక్టోబరులో పండుతుంది. పూర్వం చలి ముంచుకొచ్చేలోపు అది పండాలంటే మంచి ఎండ తగిలే వాలు ఉండాల్సిందే. అందుకే అక్కడి రైతులకు ఏ చెక్క, అంటే ఏ పొలం ముక్క, ఎటు తిరిగి ఉందో, మంచు ముందు ఎక్కడ కరుగుతుందో నోటికి వచ్చు. కన్నూబి గట్టు నడిమి భాగం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. ఆ చుట్టుపక్కల కనిపించే రెండు రకాల మట్టి, ఒకటి నీలం బూడిద రంగు సున్నపు మట్టి, రెండోది ఇసుక కలిసినది, ఈ గట్టు మీద కలుస్తాయి. అక్కడ పండిన వైన్‌లో వాసన ఎక్కువ, మొరటుతనం తక్కువ. ఇది ఇప్పటి మార్కెటింగ్ వాళ్లు పుట్టించిన మాట కాదు. "కన్నూబి 1752" అని రాసి ఉన్న సీసా ఒకటి దగ్గర్లోని బ్రా ఊళ్లో ఒక కుటుంబం దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. సీసా మీద ఊరి పేరు కాదు, చెక్క పేరు రాసుకున్నారు, అదీ 1752లో!

ఇక గొడవ సంగతి. నడిమి కన్నూబి సుమారు 15 హెక్టార్లు, అంటే మన లెక్కలో 37 ఎకరాలు. దాన్ని ఆనుకుని ఇంకో నాలుగు చెక్కలున్నాయి: బొస్కిస్, ముస్కాతెల్, సాన్ లొరెంజో, వల్లెత్తా. వాటినీ కన్నూబి బొస్కిస్, కన్నూబి ముస్కాతెల్ అని ఇంటిపేరు చేర్చి పిలుస్తారు. 2010లో బరోలో తోటలన్నిటికీ అధికారికంగా హద్దులు గీసి, పేర్లు ఖాయం చేశారు. చాలా మంచి పని. కానీ అందులోనే ఒక మెలిక పెట్టారు. ఈ నాలుగు చెక్కల వాళ్లు కావాలంటే తమ పేరు వదిలేసి ఉత్త "కన్నూబి" అని రాసుకోవచ్చట. ఒక్క కలం పోటుతో 15 హెక్టార్లు 34 హెక్టార్లయ్యాయి.

ఊళ్లో చిన్న కుటుంబాలు కొన్ని కలిసి కోర్టుకు వెళ్లాయి. అవతలి పక్క మార్కేజి ది బరోలో, ఆ ఊళ్లో పెద్ద సంస్థ. 2012లో రోమ్‌లోని కింది కోర్టు చిన్నవాళ్ల వైపు తీర్పిచ్చింది. 2013 అక్టోబరులో పై కోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన మనిషి వస్తుంది. ఈ పోరాటంలో ముందు నిలబడింది మరియా తెరేసా మస్కరెల్లో. వాళ్ల తాత జూలియో మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక మొదలుపెట్టిన ఇంటి వైనరీ అది. ఆయన తర్వాత కొడుకు బార్తొలో, 2005లో బార్తొలో పోయాక కూతురు. మొత్తం పొలం ఐదు హెక్టార్లు, అంటే పన్నెండెకరాలు. కన్నూబిలో ముక్క ఉంది, సాన్ లొరెంజోలో ముక్క ఉంది, ఇంకో రెండు చోట్లా ఉన్నాయి. ఈ నాలుగు చోట్ల పళ్లూ కలిపి ఒకే బరోలో చేస్తారు. పాతకాలం పద్ధతి అదే: ఒక వాలులో లోటుంటే ఇంకో వాలు పూడుస్తుంది. చుట్టూ అందరూ ఒక్కో తోట పేరుతో సీసాలు అమ్మి డబ్బు చేసుకుంటున్న రోజుల్లో కూడా బార్తొలో ససేమిరా అన్నాడు. బారిక్ అనే కొత్త చిన్న పీపాల మోజు వచ్చినప్పుడూ అంతే, పెద్ద పాత పీపాలే వాడాడు. చేత్తో బొమ్మ గీసి "బారిక్ వద్దు, (ఇటలీ నాయకుడు) బెర్లుస్కోని వద్దు" అని లేబుల్ మీదే రాసేసిన మనిషి.

అంటే ఏమిటి? ఆ ఇంటి లేబుల్ మీద కన్నూబి అన్న పేరే ఉండదు. దాన్ని కాపాడితే వాళ్లకు పైసా లాభం లేదు. పైగా కొత్త నిబంధన ప్రకారం వాళ్ల సాన్ లొరెంజో ముక్క కూడా రాత్రికి రాత్రి కన్నూబి అయిపోతుంది, విలువా పెరుగుతుంది. అయినా ఆమె కోర్టుకెళ్లింది. ఈ గొడవలో ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి నాకు ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు. సొంత లాభం చూసుకుని మాట్లాడేవాళ్లకీ, భూమి గురించి మాట్లాడేవాళ్లకీ తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది.

అవతలి వాళ్ల వాదన కూడా చెప్పాలి. తరతరాలుగా జనం ఆ గట్టు మొత్తాన్నీ కన్నూబి అనే అంటున్నారు, పాత సీసాల మీదా అలాగే ఉంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఆ సంస్థను నడిపే అబ్బోనా వాళ్లదీ తరాల నుంచి ఇదే పని చేస్తున్న కుటుంబమే, పైనుంచి ఊడిపడ్డ కంపెనీ కాదు. కానీ మాటవరసకు పిలవడం వేరు, హద్దులు గీసి కాగితం మీద పెట్టడం వేరు. ఏ ముక్క ఏదో తేల్చడానికే హద్దులు గీశారు కదా! గీసిన రోజే వాటిని చెరిపేసుకునే హక్కు కూడా ఇచ్చేస్తే ఆ మ్యాపు దేనికి? మన బనగానపల్లె మామిడికి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న గుర్తింపు, వచ్చింది. అయినా ఎండాకాలం రోడ్డు పక్కన ప్రతి బండి మీదా బంగినపల్లే. కొనేవాడికి అసలు రుచి ఎప్పుడు తగిలిందో, ఎప్పుడు తగల్లేదో తెలియకుండా పోయింది. అక్కడా అదే జరుగుతుందని నా బాధ.

పక్క చెక్కలు తక్కువవని నేను అనట్లేదు, అది బాగా గుర్తుపెట్టుకోండి. లూచానో సాంద్రోనే అనే ఆయన 1985 నుంచి బొస్కిస్ చెక్కలో వైన్ చేశాడు. లేబుల్ మీద "కన్నూబి బొస్కిస్" అనే రాశాడు. ఆ పేరుతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత 2013 పంట నుంచి దానికి తన మనవరాలు, మనవడి పేర్లు కలిపి "అలెస్తె" అని పెట్టుకున్నాడు. ఉత్త కన్నూబి అని రాసుకునే హక్కు చేతిలో ఉండి కూడా రాసుకోలేదు. మంచి వైన్ చేసేవాడికి పక్కింటి పేరు అవసరం లేదని చెప్పడానికి ఆయన సీసా ఒక్కటి చాలు. పైగా ఇప్పుడు ఎండలు పెరిగి, ఒకప్పుడు చల్లగా ఉండే చెక్కల్లో కూడా నెబ్బియోలో బాగానే పండుతోంది. అలాంటప్పుడు తమ చెక్కకు తామే పేరు తెచ్చుకోవచ్చు కదా.

"అయినా తాగితే తేడా తెలుస్తుందా, అంతా బిల్డప్" అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారని తెలుసు. తెలుస్తుంది. బ్రెట్సా అనే ఇంకో పాత కుటుంబం చేసే కన్నూబి సీసా తెరిచి, అదే ఇంటివాళ్ల సార్మస్సా తోట సీసాతో పక్కపక్కన పెట్టుకుని తాగాం. ఊరు ఒకటే, కుటుంబం ఒకటే, ద్రాక్ష ఒకటే. రంగు చూసి మా ఫ్రెండ్ "ఇదేంట్రా, ఇంత పలచగా ఉంది" అన్నాడు. నెబ్బియోలో అంతే, ముదురు ఎరుపు రాదు, గ్లాసు వంచితే అంచు ఇటుక రంగులోకి తిరుగుతుంది. కన్నూబి గ్లాసులో ముందు ఎండు గులాబీ రేకుల వాసన, కాసేపటికి లోపలినుంచి సన్నగా తారు వాసన. నోట్లో వగరు ఉంది కానీ అది నాలుకను పట్టుకుని మెల్లగా వదిలేస్తుంది. సార్మస్సా అలా కాదు, చిగుళ్ల దాకా పట్టేసి కూర్చుంది. గంటన్నర గాలి తగిలాక గానీ మెత్తబడలేదు. (మన కారం కూరలతో మాత్రం దీన్ని పెట్టుకోకండి. వగరూ కారమూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి.) రెండూ బాగున్నాయి. రెండూ వేరు. లేబుల్ మీద తోట పేరు పెట్టేది ఆ వేరు చెప్పడానికే.

ఇంకో మాట. బరోలోలో మంచి చెక్కల ధర ఇప్పుడు హెక్టారుకు పది లక్షల యూరోలు దాటిపోయింది. అంత విలువైన భూమి తరం మారినప్పుడల్లా వారసులకు బరువే. 1961లోనే రొక్కే అనే ఒక్క తోట పేరుతో విడిగా బరోలో చేసిన వియెత్తి వైనరీని 2016లో, అప్పట్లో అమెరికాలో పెట్రోలు బంకులు, దుకాణాలు నడిపిన క్రౌస్ కుటుంబం కొనేసింది. 2023 నాటికి పాత కుటుంబం అక్కణ్నుంచి పూర్తిగా తప్పుకుంది. కొన్నవాళ్లు చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు. కానీ పేరు ఎంత సాగితే ఆ పేరున్న భూమికి గిరాకీ అంత పెరుగుతుంది, పన్నెండెకరాల కుటుంబానికి నిలబడటం అంత కష్టమవుతుంది.

తీర్పు మారదు, అది నాకు తెలుసు. అయితే ఆ నాలుగు చెక్కల వాళ్లు సొంత పేరు రాసుకోకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అటువైపు వెళ్లే మనవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క పని చేయండి. షాపులో ఉత్త కన్నూబి అని కనిపిస్తే "ఇది గట్టులో ఏ ముక్కది?" అని అడగండి. తడుముకోకుండా మ్యాపు తీసి వేలు పెట్టి చూపించేవాళ్ల దగ్గరే కొనండి.