బోర్డు మీది పిల్లలకు ఆశీర్వదించి రాయునది

చిరంజీవులైన బోర్డు పిల్లలిద్దరికీ,

ఇక్కడ మేమంతా క్షేమం. బడి గేటుకు నలభై గజాల ముందు, బడి ఉందని హెచ్చరించే రోడ్డు బోర్డు ఎర్ర అంచు త్రికోణంలో, పుస్తకాల సంచులతో పరుగెత్తుతున్న మీరు కూడా క్షేమమని తలుస్తాను. ఉత్తరాల్లో చిరంజీవి అనే మాట అలవాటుగా రాసేస్తాం గానీ, మా వీధిలో దానికి పూర్తిగా తగినవాళ్ళు మీరే. తొమ్మిది అడుగుల ఎత్తున ఉన్నారు. ఏ బండీ మిమ్మల్ని అందుకోలేదు.

తొందరపడి అన్నాను. నిరుడు ఎండాకాలంలో ఒక మిర్చి లారీ వెనక్కి వస్తూ మీ స్తంభాన్ని గుద్దింది కదా. గుంటూరులో మిర్చి లారీ వస్తోందని తెలియడానికి హారన్ అక్కర్లేదు, తుమ్ములు చాలు. ఆ రోజు మాత్రం ఎవరూ తుమ్మకముందే స్తంభం వంగిపోయింది. అప్పటినుంచి మీరు బడికి కాకుండా పక్కనున్న మురుగుకాలువలోకి పరుగెత్తుతున్నారు. మిమ్మల్ని నిలబెట్టడానికి ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు మీ స్తంభానికి ఫ్లెక్సీ కట్టుకుని పోయారు. అది బడివాళ్ళదే. పాస్‌పోర్టు ఫొటోల్లో నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరి గడ్డం కింద ఒక అంకె. ర్యాంకులు వచ్చిన పిల్లల వెనక ర్యాంకు రాని మీరిద్దరు. మీ కాళ్ళ కింద పలక మీద కూడా ఒక అంకె ఉంది, 25 అని. గంటకు అన్ని కిలోమీటర్లు మించవద్దని దాని అర్థం. అది ర్యాంకు కాదు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

మీ ముందునుంచి దూసుకుపోయేవాళ్ళు ఎవరో ఊరిమీద తిరిగే ఆకతాయిలు అనుకుంటున్నారేమో. కాదు నాయనా. ఉదయం ఎనిమిదీ నలభైకి వాళ్ళ ముఖాలు చూడండి. అందరూ అమ్మానాన్నలే. ఎనిమిదీ నలభై అయిదుకు గేటు మూస్తారు. ఆలస్యమైన పిల్లలు ప్రార్థన అయ్యేదాకా ఎండలో నిలబడాలి. ఆ ఎండ తన బిడ్డకు తగలకూడదనే ప్రేమతోనే ప్రతి తండ్రీ మిగతా పిల్లల మధ్యనుంచి బండిని దూరుస్తాడు. గేటు చేరేదాకా ఆ వీధిలో అతనికి ఒక్క బిడ్డే కనిపిస్తుంది, తన ముందు నిలబడ్డది. దించేసి బండి తిప్పాక ఆ ఒక్కటీ కనిపించదు. ఆఫీసు కనిపిస్తుంది.

నేనూ ఆ తండ్రులలో ఒకణ్ణే. స్కూటరు మీద మా మూడో తరగతి అమ్మాయి ముందు నిలబడుతుంది. నా తల మీద హెల్మెట్, దాని తల మీద రెండు రిబ్బన్లు. నాలుగేళ్ళు దాటిన ఎవరికైనా హెల్మెట్ ఉండాలని చట్టం అంటుంది, కానీ రిబ్బన్లు నలుగుతాయని మా అమ్మాయి అంటుంది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పాలా?

మా బ్రేకు సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. అది కాలి కింద ఉండదు, ఎడమచేతి బొటనవేలి కింద ఉంటుంది. దాన్ని నొక్కితే బండి ఆగదు, ఎదుటివాడు ఆగుతాడు. బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలమని 2000లోనే నిబంధనలు వచ్చాయి. లోపల టీచరమ్మ కూడా తరగతిని నిశ్శబ్దంగా ఉండమనే అంటుంది, మా హారన్లు ఆగాక మళ్ళీ అంటుంది.

మీ మాట ఎవరూ వినడం లేదని కాలనీవాళ్ళం చందాలు వేసుకుని స్పీడ్ బ్రేకర్ ఒకటి పోయించాం. దానికి కొలతలున్నాయట. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, 25 వేగంతో వచ్చేవాడు కుదుపు లేకుండా దాటగలిగే గుండ్రటి గుట్ట. మేస్త్రీ దగ్గర టేపు లేదు, ఎవరి ఇంటి స్లాబులోనో మిగిలిన కాంక్రీటు ఉంది. మోకాలి చిప్పంత ఎత్తున లేచింది. వారం రోజులు కార్ల అడుగుభాగాలు గీసుకుపోయే చప్పుడు వింటూ కాఫీ తాగాం. ఎనిమిదో రోజున ద్విచక్రవాహనాలు దారి కనిపెట్టాయి. గుట్ట చివరకూ కాలువ గట్టుకూ మధ్య రెండడుగుల చదును నేల మిగిలిపోయింది. ఇప్పుడు బళ్ళన్నీ వేగం తగ్గకుండా అందులోంచే పోతాయి. పిల్లలు నడిచేది కూడా ఆ రెండడుగులలోనే.

పదో తరగతి చదివే ఎదురింటి అబ్బాయికి ఆ సందులోంచి చేతులు వదిలి పోవడం కూడా వచ్చేసింది. వాళ్ళ నాన్నగారు అరుగు మీద కూర్చుని మురిసిపోతారు. మైనరుకు బండి ఇస్తే యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు అని చెప్పాను. "అయితే ఇప్పుడే నేర్చుకోవడం మంచిదేగా అండీ" అన్నారు.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. పోయిన సోమవారం మా అమ్మాయి టీచరు ఒక హోంవర్కు ఇచ్చింది. బోర్డు పక్కనుంచి వెళ్ళేటప్పుడు బండి మీటరు ముల్లు ఎక్కడుందో చూసి వారం రోజులు నోటుబుక్కులో రాసుకురమ్మంది. స్కూటరు ముందు నిలబడే పిల్లకు ఇంతకంటే సులువైన హోంవర్కు ఉండదు. ముల్లు సరిగ్గా దాని ముక్కు కిందే ఉంటుంది.

సాయంత్రం చూస్తే 52 అని రాసి ఉంది.

ఆ వేగంతో బండి సెకనుకు 14 మీటర్లు పోతుంది. మీ దగ్గరినుంచి గేటు రెండున్నర సెకన్ల దూరం. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుందని ఆ గోడల వెనకే పాఠం చెబుతారు. నాకూ చెప్పారు. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

"25 అని దిద్దమ్మా, తారుమారుగా రాసినట్టున్నావు" అన్నాను. అది నావైపు చూసి రబ్బరు వెతుక్కుంది.

మర్నాటినుంచి తండ్రుల తెలివి చూడాలి. ఒకాయన మీటరు మీద జేబురుమాలు కప్పాడట. ఇంకొకాయన బోర్డు దగ్గర బిడ్డ కళ్ళు మూశాడట, ఒంటిచేత్తో బండి నడుపుతూ. సగం తరగతి సున్నా రాసుకొచ్చింది, మీటర్లు పనిచేయవని. ఆ నోటుబుక్కుల ప్రకారం మా వీధిలో సగం బళ్ళు కదలడమే లేదు.

నిన్న నోటుబుక్కు వెనక్కి వచ్చింది. మా అమ్మాయి చెరపలేదు. పక్కన బ్రాకెట్లు పెట్టి గుండ్రటి అక్షరాలతో రాసింది: 52 (నాన్న 25 అని రాయమన్నారు). దాని కింద టీచరు ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి, "తండ్రి సంతకం" అని గీత గీసింది.

ఆ గీత మీద ఇంకా సంతకం పెట్టలేదు. రాత్రి కళ్ళద్దాలు దొరకలేదన్నాను. పొద్దున్నే పెన్ను దొరకలేదన్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ పెన్నుతోనే.

అమ్మాయి గుమ్మంలో చెప్పులేసుకుని పిలుస్తోంది. ఉంటాను. ఎనిమిదీ నలభై రెండయింది.