ఏడు మందారాల కేసు

నేరం తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు జరిగింది. సీసీ కెమెరా సాక్ష్యం ఉంది. నిందితుడికి డెబ్బై దాటాయి. నెత్తిన మంకీ క్యాప్, ఒక చేతిలో వంకీ కర్ర, ఇంకో చేతిలో స్వీట్ షాపు కవరు. కర్రతో కొమ్మ వంచి, చుట్టూ ఒకసారి చూసి (విచారణలో ఈ చూపే కీలకమైంది), ఏడు మందారాలు కోసి కవర్లో వేసుకుని, కొమ్మను మెల్లగా వదిలి లిఫ్టు వైపు నడిచాడు. చెట్టు ఆయనది కాదు, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లది.

6 గంటలకల్లా ఆ వీడియో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంది. ముఖం చుట్టూ ఎర్ర సున్నా. కింద ‘ఈయన్ని గుర్తుపట్టండి’ అని రాశారు. ఎనిమిదేళ్లుగా ఆయన నాలుగో అంతస్తులోనే ఉంటున్నాడు, సంక్రాంతికి అందరిళ్లకూ అరిసెలు పంపిస్తాడు. గుర్తుపట్టడం పెద్ద కష్టం కాలేదు.

న్యాయస్థానం వెంటనే కొలువుదీరింది. మొదట రిటైర్డ్ అధికారి గారు ‘ఇక్కడ ప్రశ్న పూల గురించి కాదు, ప్రిన్సిపుల్ గురించి’ అని టైప్ చేశారు. ఈ వాక్యం వచ్చిందంటే ఆ రోజు ఇంకో పని జరగదని మీకూ తెలుసు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు వీడియోను ముక్కముక్కగా ఆపి, జూమ్ చేసి, కోసినవి ఏడు కాదనీ, ఆరు పూలూ ఒక మొగ్గా అనీ తేల్చాడు. ‘మొగ్గనీ వదల్లేదా!’ అని గ్రూపు గొల్లుమంది. గృహప్రవేశం తర్వాత మళ్లీ ఈ గేటు ముఖం చూడని ఒక ఓనరు గారు డల్లాస్ నుంచి దిగి, అక్కడైతే ఇలాంటివి జరగనే జరగవని సెలవిచ్చారు. అక్కడ పక్కింటివాళ్ల పెరట్లోకి ఎందుకు ఎవరూ వెళ్లరో ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. ఈ గోలలో ఒకావిడ రోజూలాగే ‘శుభోదయం’ బొమ్మ పంపింది. దాని మీద ఎర్ర మందారం ఉంది. ఇద్దరు సభ్యులు దాన్ని రెండో సాక్ష్యం అనుకున్నారు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని ఎవరో అడిగారు. ఇలాంటి సమయంలో నీళ్ల గురించి ఆలోచించే మనుషులు కూడా ఉంటారు!

తర్వాత శిక్ష మీద చర్చ. గేటు దగ్గర ఫోటోతో ఫ్లెక్సీ కడదామన్నారు. కడితే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో వేయాలా, కార్పస్ ఫండ్‌లోంచి తీయాలా అని ముప్పావు గంట నడిచింది. దొంగపూలతో పూజ చేస్తే పుణ్యం చెట్టు పెంచినవాళ్లకే పోతుంది కదా, అది చాలదా అని మూడో అంతస్తు మామ్మగారు ఆధ్యాత్మిక కోణం లేవనెత్తితే, పుణ్యానికి రసీదు ఎవరిస్తారని ట్రెజరర్ అడిగాడు. ‘ఆయన తలుపు కొట్టి ఒక మాట చెప్తే సరిపోదా?’ అని ఒక అమాయకుడు రాశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పైన, ‘మీరూ కోస్తారా ఏంటి?’ అని ప్రశ్న వచ్చింది. అమాయకుడు మళ్లీ కనిపించలేదు.

నిందితుడు కూడా అదే గ్రూపులో ఉన్నాడని అందరికీ తెలుసు. అన్నీ చదువుతున్నాడనీ తెలుసు. చివరికి ‘సారీ అమ్మా, పూజకి’ అని పెట్టాడు. ‘సారీ చెప్తే అయిపోతుందా అంకుల్’ అని జవాబు. అదే మధ్యాహ్నం ఒక సుపుత్రుడు ఆ వీడియోను స్లో మోషన్‌లో పెట్టి, వెనక హీరో ఎంట్రీ మ్యూజిక్ తగిలించి రీల్ చేశాడు. కాలనీ పేజీ ఎత్తుకుంది, దాన్నుంచి ఇంకో పేజీ.

చట్టం ఏమంటుందో చూద్దాం, మనం బాధ్యత గల పౌరులం కదా. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 95వ సెక్షన్ ఒకటుండేది. మామూలు బుద్ధి, మామూలు నిదానం ఉన్న మనిషెవరూ ఫిర్యాదు చేయనంత చిన్న హాని అసలు నేరమే కాదని దాని సారం. మనల్ని ఏలడానికి వచ్చిన తెల్లదొరలకే ఆ మాత్రం ఇంగితం ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా దాన్ని తీసేయలేదు, 33వ సెక్షన్‌లో ఉంచారు. కాదు, ఇది దొంగతనమే అంటారా? 303వ సెక్షన్ చూడండి. సొత్తు విలువ 5 వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ. అంటే మందారాల ఖరీదు కట్టి, జడ్జి గారు చెప్పినన్ని రోజులు ఏ పార్కులోనో ఆకులు ఊడిస్తే ఆ మనిషి ఇంటికి పోవచ్చు. మా గ్రూపులో మాత్రం అన్నిటికంటే చిన్న శిక్ష యావజ్జీవం. నిజానికి అంతకంటే ఎక్కువే. ఆ రీల్ ఆయన పోయాక కూడా ఉంటుంది.

వెనకటికి పల్లెల్లో గుండు గీయించి, సున్నపు బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించేవారు. దుర్మార్గమైన శిక్ష. అది ఎక్కువగా ఎవరి నెత్తిన పడేదో కూడా చెప్పనక్కర్లేదు. అయినా దానికో పొలిమేర ఉండేది. గాడిద అలిసిపోయేది. డప్పు కొట్టేవాడికి ఆకలేసేది. చూడ్డానికొచ్చినవాళ్లకు పొలం పనులుండేవి. ఇప్పటి ఊరేగింపు కరీంనగర్‌లో వియ్యంకుడి ఫోన్‌లోకి వెళ్లింది, మనవరాలి కాలేజీ గ్రూపులోకి వెళ్లింది. ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ విద్యలో మనమేమీ ముందు లేము. 2005లోనే దక్షిణ కొరియాలో ఒక అమ్మాయి, మెట్రో రైల్లో తన కుక్కపిల్ల చేసిన గలీజును తుడవకుండా దిగిపోయింది. ఫోటో ఇంటర్నెట్‌కి ఎక్కింది. ఆమె ఎవరో ఏమిటో జనం తవ్వి తీశారు, దేశదేశాల పత్రికలు రాశాయి. ఆ గలీజును వంగి తుడిచిన పెద్దాయన ఎవరన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

పూలు పోతే కోపం రాదా? వస్తుంది. మందారం పెంచడం తేలికేం కాదు. పిండినల్లి పడుతుంది, వేపనూనె కొట్టాలి, ఎండాకాలం రెండు పూటలా నీళ్లు పోయాలి. అంత చేశాక పొద్దున్నే చెట్టు బోసిగా కనిపిస్తే ఒళ్లు మండుతుంది. మండినప్పుడు అడగడానికి నోరుంది. ఇంతకీ ఆ గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడను సాయంత్రం దాకా ఎవరూ అడగలేదు. అడిగితే, ‘నేనే కోసుకోమన్నాను, చెట్టుకి రెండు ఉంచమన్నాను అంతే’ అంది. ఈ సాక్ష్యాన్ని కోర్టు స్వీకరించలేదు. అప్పటికే ఆలస్యమైంది. పెద్దాయన వాకింగ్ మానేశాడు.

ఇదే కెమెరా బేస్‌మెంట్‌లో బైకు పోయిన రోజు రిపేర్లో ఉంది. బిల్డరు ఒకే పార్కింగ్‌ను ఇద్దరికి అమ్మిన కాగితాలు గ్రూపులో సగం మంది దగ్గర ఉన్నాయి. ఆయన ముఖం చుట్టూ ఎర్ర సున్నా చుట్టే ధైర్యం ఎవరికైనా వచ్చిందా? ఆయన వచ్చినప్పుడు లిఫ్టు తలుపు పట్టుకోవడానికి ముగ్గురు పోటీ పడ్డారు. అర్ధరాత్రి మురుగు నీళ్లు నాలాలోకి వదులుతున్నారు, దానికి రీల్ లేదు, మ్యూజిక్ లేదు. మీ సామాజిక బాధ్యత అంతా తిరిగి కొట్టలేనివాడు దొరికినప్పుడే పొంగుతుందేం?

పోయిన వారం నిందితురాలు పనమ్మాయి. సర్వీస్ లిఫ్ట్ పాడైన రోజు మెయిన్ లిఫ్ట్ ఎక్కింది. అదీ నేరం. పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక సొసైటీ పెట్టిన నోటీసు చూసి దేశమంతా ఛీ అంది. మావాళ్లు కూడా అన్నారు, అదే గ్రూపులో. ఇప్పుడు ఆమె ఫోటో పెట్టారు. మనిషి అద్దం వైపు తిరిగి చెమట తుడుచుకుంటోంది. ఆమె ఆ గ్రూపులో లేదు. ‘సారీ అమ్మా’ అనే అవకాశం కూడా ఆమెకు లేదు. రెండిళ్లవాళ్లు రేపట్నుంచి రావద్దన్నారు, ఎందుకో చెప్పలేదు. ఫోటో పెట్టిన పెద్దమనిషి ఆమెకు జీతం ఇచ్చేది పన్నెండో తారీఖు తర్వాత, అదీ మూడుసార్లు అడిగించుకుని. అయ్యా, ముందు ఆ డబ్బులు ఆమె చేతిలో పెట్టండి. ఒకటో తారీఖున. లిఫ్టు సంగతి తర్వాత మాట్లాడదాం.