పేరు ఫ్రాటర్నిటీ, ఉన్నదంతా అమ్మాయిలే

నాకు చెల్లెలు వరసయ్యే ఒకావిడ మొన్న డాలస్ నుంచి ఫోన్ చేసింది. కూతురు డిగ్రీ రెండో ఏడాది. చదివేది కంప్యూటర్ సైన్సే గానీ ఆరో తరగతిలో పట్టిన ఫ్లూట్ ఇప్పటిదాకా వదల్లేదు, మ్యూజిక్ మైనర్ (అదనపు సబ్జెక్టు) కూడా తీసుకుంది. "ఫ్రాటర్నిటీలో చేరతానంటోంది అన్నయ్యా. వాళ్ల నాన్న రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నారు. నువ్వన్నా చెప్పు" అంది. అమెరికా కాలేజీల్లో విద్యార్థులు పెట్టుకునే ఈ సంఘాల మాట వినగానే మనవాళ్ల కళ్ల ముందు ఏం కదులుతుందో తెలిసిందే: బీరు డబ్బాలు, అర్ధరాత్రి పార్టీలు, కొత్తవాళ్లని ఏడిపించడాలు. తీరా పేరు అడిగితే సిగ్మా ఆల్ఫా అయోటా అంది. "అది అమ్మాయిల సంగీత సంఘం కదమ్మా" అన్నాను. "అమ్మాయిలదైతే సొరారిటీ అనాలి గానీ ఫ్రాటర్నిటీ అంటారేంటి?" అని నిలదీసింది.

మంచి ప్రశ్నే. లాటిన్‌లో 'ఫ్రాటర్' అంటే సోదరుడు. 1870లో ఇండియానాలోని గ్రీన్‌కాజిల్‌లో అమ్మాయిలు కప్పా ఆల్ఫా థీటా అనే సంఘం పెట్టుకునేనాటికి సొరారిటీ అనే మాట అమెరికా కాలేజీల్లో లేదు. 1882లో సిరక్యూస్‌లో ఫ్రాంక్ స్మాలీ అనే లాటిన్ ప్రొఫెసర్ గామా ఫై బీటా సంఘం అమ్మాయిల కోసం ఆ మాట తయారుచేసిచ్చాడు. అప్పటిదాకా మగవాళ్ల మాటనే ఆడవాళ్లూ వాడుకున్నారు, కొన్ని సంఘాలు ఇప్పటికీ దాన్ని వదులుకోలేదు. పైగా వృత్తి పేరు మీద నడిచే సంఘాలకు ఆడా మగా తేడా లేకుండా ఫ్రాటర్నిటీ అనే పేరే స్థిరపడింది. వీటిలో చేరినవాళ్లు సాధారణంగా ఒకే ఇంట్లో కలిసి ఉండటమంటూ ఏమీ ఉండదు. ఈ సంగతి చెప్పాక మా చెల్లెలి గొంతులో కాస్త తేడా వచ్చింది.

అసలు అమ్మాయిలు విడిగా ఎందుకు పెట్టుకున్నారన్నదే ఇందులో నాకు ఆసక్తి కలిగించే విషయం. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో 1898లో ఫై మ్యూ ఆల్ఫా సిన్ఫోనియా సంఘం పుట్టింది. అది మగవాళ్లది. అయిదేళ్లు తిరక్కుండానే, 1903 జూన్‌లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఏడుగురు స్త్రీలు సిగ్మా ఆల్ఫా అయోటా మొదలుపెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో ఒహాయోలోని సిన్సినాటిలో మ్యూ ఫై ఎప్సిలాన్, 1909లో మళ్లీ సిన్సినాటిలోనే డెల్టా ఒమిక్రాన్ వచ్చాయి. అప్పటి సంగీత కళాశాలల్లో అమ్మాయిలకు కొదవ లేదు. కొదవంతా చదువయ్యాక. పెద్ద ఆర్కెస్ట్రాల్లో వాళ్లకు కుర్చీ దొరికేది కాదు. దొరికితే గిరికితే హార్ప్ అనే తీగవాద్యం దగ్గర. పిల్లలకు పియానో పాఠాలు చెప్పుకోవడమే చాలామందికి మిగిలిన దారి.

అమెరికన్ స్వరకర్త ఎమీ బీచ్ సంగతే చూడండి. ఆమె రాసిన గేలిక్ సింఫనీని 1896లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఒక అమెరికన్ మహిళ రాసిన సింఫనీ ప్రచురణకు నోచుకోవడం అదే మొదలు. దాని మీద అచ్చయిన పేరు మాత్రం మిసెస్ హెచ్.హెచ్.ఎ. బీచ్. ఆ అక్షరాలు భర్తవి. పద్దెనిమిదేళ్ల వయసులో, తనకంటే ఇరవై నాలుగేళ్లు పెద్దయిన డాక్టరుతో పెళ్లయింది. అప్పటికే ఆమె పేరున్న పియానిస్టు. పెళ్లయ్యాక కచేరీలు బాగా తగ్గించేసింది, చేసినవాటి డబ్బు దానధర్మాలకు పోయేది. 1910లో ఆయన పోయాకే మళ్లీ యూరప్ దాకా వెళ్లి కచేరీలు చేసింది. అంత పేరున్న మనిషి పరిస్థితే అది! పేరూ ఊరూ లేని సంగీత విద్యార్థినికి తోటివాళ్లు తప్ప దిక్కెవరు?

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన జరుగుతుంటే ఆడవాళ్లను పాడనివ్వని రోజులున్నాయి. గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత ఆస్తి ఖర్చుపెట్టి త్యాగయ్య సమాధి దగ్గర గుడి కట్టించింది. అయినా పాడే వరసలో ఆమెకు చోటు లేకపోయింది. కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని పూర్తిగా అచ్చువేయించి ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్న మనిషి ఊరికే కూర్చుంటుందా? 1920ల చివర్లో ఆడవాళ్లతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. తమిళులు దాన్ని 'పెణ్గళ్ కచ్చి' అన్నారు, అంటే ఆడవాళ్ల పార్టీ. మగవాళ్ల వర్గాలతో అది కలిసిపోయి ఒకే ఆరాధన అయ్యేసరికి పన్నెండు, పదమూడేళ్లు పట్టింది. ఆన్ ఆర్బర్ వాళ్లకు నాగరత్నమ్మ తెలీదు, ఆమెకు వాళ్లూ తెలీదు. తలుపు మూసి ఉంటే పక్కన ఇంకో గది కట్టుకోవాలన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ వచ్చింది.

అయితే అక్కడా ఇక్కడా తలుపులు ఇప్పుడు చాలావరకు తెరుచుకున్నాయి కదా, మరి పక్కగది ఇంకా దేనికి? అమెరికాలో ఈ ప్రశ్న చట్టం రూపంలోనే వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే చదువుల్లో ఆడా మగా వివక్ష కూడదంటూ 1972లో టైటిల్ నైన్ చట్టం చేశారు. 1974లో చేసిన సవరణ సోషల్ (వృత్తితో పనిలేకుండా స్నేహం కోసం నడిచే) ఫ్రాటర్నిటీలకూ సొరారిటీలకూ మినహాయింపు ఇచ్చింది. వృత్తి సంఘాలకు ఇవ్వలేదు. దాంతో మ్యూ ఫై ఎప్సిలాన్ 1977లో, డెల్టా ఒమిక్రాన్ 1979లో మగవాళ్లను చేర్చుకున్నాయి. ఫై మ్యూ ఆల్ఫా మాది సోషల్ సంఘమేనని చెప్పుకుని మగవాళ్లకే పరిమితమైంది. సిగ్మా ఆల్ఫా అయోటా స్త్రీల సంఘంగానే కొనసాగుతోంది.

నా మటుకు నాకు ఆ సంఘాన్ని ఇప్పుడే మూసేయాల్సిన పని కనిపించదు. వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఒక స్త్రీని పూర్తి సభ్యురాలిగా తీసుకున్నది 1997లో. ఆవిడ అక్కడ హార్ప్ వాయిస్తూ అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. అమెరికా ఆర్కెస్ట్రాలు ఆడిషన్‌కు తెర అడ్డం పెట్టాయి. నడిచేటప్పుడు చెప్పుల చప్పుడును బట్టి ఆడో మగో పోల్చకుండా కింద కార్పెట్ కూడా పరిచాయి. చెవుల మీద నమ్మకం లేక కళ్లకు గంతలు కట్టాల్సి వచ్చి ఎంతో కాలం కాలేదు. అయితే వందేళ్ల నాటి అన్యాయాన్ని తలుచుకుంటూ గులాబీలు పంచుకోవడమే పనైతే దాని కోసం డ్యూస్ (సభ్యత్వ రుసుం) కట్టడం దండగ.

మా మేనకోడలు చెప్పిన ఒక సంగతి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. పోయినేడు ఆమె స్నేహితురాలి రిసైటల్ (ఫ్లూట్ కచేరీ) జరిగింది, బుధవారం సాయంత్రం, వర్షం. హాల్లో రెండు వందల కుర్చీలు. అమ్మానాన్నలు వేరే రాష్ట్రంలో ఉన్నారు. మామూలుగా అయితే టీచరు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు తప్ప ఎవరూ రారు. ఆ రోజు ఫ్రాటర్నిటీ అమ్మాయిలు పదిహేను మంది వచ్చారట. ఒకమ్మాయి తలుపు దగ్గర ప్రోగ్రాం కాగితాలు పంచింది, వాళ్లతో వచ్చిన ఇంకో అమ్మాయి పియానో పక్కన నిలబడి పేజీలు తిప్పింది. పేజీ తిప్పడం చెప్పినంత తేలిక కాదు. ఒక్క లైను ముందు తిప్పినా వెనక తిప్పినా పియానో తడబడుతుంది, దాంతోపాటు ఫ్లూటూ తడబడుతుంది. పియానో వాయించే ఆవిడ తల ఊపేదాకా ఆ పిల్ల చెయ్యి కాగితం మూల దగ్గరే ఆగి ఉందట. అయ్యాక వరండాలో కుకీలు, జ్యూసు. వాటిని తెచ్చిందీ వాళ్లే.

అలాగని తల్లి భయం ఉత్తదే అని కొట్టిపారేయలేను. హేజింగ్ అంటే మన ర్యాగింగే, సంగీతం ఉన్నచోట అది ఉండదనుకుంటే పొరపాటు. 2011లో ఫ్లోరిడా ఎ అండ్ ఎం యూనివర్సిటీ మార్చింగ్ బ్యాండ్‌లో ఒక డ్రమ్ మేజర్ (బ్యాండ్‌ను ముందుండి నడిపే విద్యార్థి) బస్సులో తోటివాళ్ల దెబ్బలకు చనిపోయాడు. రహస్య కర్మకాండ పెట్టుకున్న ఏ సంఘంలోనైనా బయటివాళ్లకు కనపడని గది ఒకటి ఉంటుంది. అది నాకు నచ్చదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లను కాలేజీలు బయటపెట్టాలి. ఆ రిపోర్టు ఒకసారి చూడమన్నాను. డ్యూస్ ఎంతో, వారానికి ఎన్ని గంటలు పోతాయో కూడా ముందే అడగమన్నాను. మిడ్‌టర్మ్ వారంలో మీటింగుకి రాకపోతే ఏమంటారన్నది మరీ ముఖ్యం, సంఘం ఎలాంటిదో ఆ ఒక్క జవాబుతో చాలావరకు బయటపడుతుంది.

మన ఇళ్లలో అసలు చిక్కు ఫ్రాటర్నిటీతో కాదని నా అనుమానం. అయిదేళ్లప్పుడు సరళీ వరసల్లో కూర్చోబెడతాం, వారం వారం కారులో తీసుకెళ్తాం. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ జరుగుతున్న త్యాగరాజ ఆరాధనలో పిల్ల పంచరత్నాలు పాడితే వీడియో తీసి చుట్టాలందరికీ పంపుతాం. కాలేజీ సీటు రాగానే, అప్లికేషన్‌లో రాసుకోవడానికి పనికొచ్చింది కదా, ఇక చాలంటాం. ఆ పిల్ల చాలదంటోంది.

ఇదే మాట ఫోన్‌లో చెల్లెలికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "సరే, ఆ పేజీలు తిప్పిన పిల్ల ఎవరన్నయ్యా?" అని అడిగింది. మీ అమ్మాయే అన్నాను.