పులిగారికి ఓ విన్నపం: కాస్త ఎదురుగా పడుకోండి

పాతబడిన జూని బాగుచేస్తామని ఎవరు ఎప్పుడు ప్రకటించినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. సందర్శకులకు జంతువులు మరింత స్పష్టంగా, మరింత దగ్గరగా కనిపించేలా ఎన్‌క్లోజర్లను తీర్చిదిద్దుతారట. చాలా మంచి ఆలోచన. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. బహదూర్‌పురా దాకా వెళ్ళి, ఎండలో లైన్లో నిలబడి, మనిషికి వంద రూపాయలు పెట్టి టికెట్టు కొన్నాక, పులి బండ వెనక పడుకుని ఉంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? దానికి ఇల్లూ తిండీ ఉచితం. కరెంటు బిల్లు లేదు, ఈఎంఐ లేదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా జనానికి కనిపించడం ఒక్కటే దాని ఉద్యోగం. ఆ ఒక్కటీ చేయదు.

హైదరాబాద్‌లోని మన నెహ్రూ జూపార్కు చరిత్ర మీకు తెలిసిందే. 1959లో మొదలుపెట్టి 1963లో జనానికి తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. ఊచల బోనులు కాకుండా, ఆరుబయట స్థలం, దాని ముందు కందకం, కందకానికి ఇవతల మనం. ఈ ఏర్పాటుకు ఆద్యుడు హాగెన్‌బెక్ అనే జర్మన్ వ్యాపారి. 1907లో హాంబుర్గ్ దగ్గర ఇలాంటి జూ తెరిచాడు. (అదే పెద్దమనిషి అంతకుముందు దూరదేశాల మనుషుల్ని తీసుకొచ్చి టికెట్టు పెట్టి చూపించాడు కూడా. ఆ సంగతి ఇంకోరోజు.) కందకం వల్ల పులికీ మనకీ మధ్య కొంత దూరం మిగులుతుంది. ఆ కాస్త దూరాన్ని మనవాళ్ళు ఇప్పటికీ క్షమించలేకపోతున్నారు.

మొన్నొక ఆదివారం పులి ఎన్‌క్లోజరు దగ్గర ఒక కుటుంబాన్ని చూసే భాగ్యం కలిగింది. ఇంటిపెద్ద చేతిలో ఫోను, ఫోన్లో వీడియో కాల్, కాల్‌లో డాలస్‌లో ఉంటున్న అన్న. అక్కడ అర్ధరాత్రి దాటింది. అక్కడ నిద్రపోతున్న మనిషిని లేపి, ఇక్కడ నిద్రపోతున్న పులిని చూపించడం కార్యక్రమం.

"అన్నా, పులి. చూడు."

"ఏదిరా?"

"అగో, ఆ బండ ఎనుక. తోక కనిపిస్తలేదా?"

"తోక ఏదిరా, కట్టె లెక్కున్నది."

"కట్టె కాదే, తోకనే. ఆగు, కదిలిస్త."

మొదట ఈల వేశాడు. తర్వాత చప్పట్లు. అది కూడా పనిచేయకపోయేసరికి పెద్ద కొడుకు పులిలా గాండ్రించాడు. బహుశా బంధువులనుకుని లేస్తుందని. తోక కదల్లేదు. ఈలోపు డాలస్‌లో వదినగారు కూడా లేచి వచ్చి, "తెల్ల పులా, మామూలుదా?" అని అడిగారు. కనిపిస్తున్న జానెడు తోకను బట్టి పులి రంగు మీద రెండు ఖండాల మధ్య చర్చ నడిచింది. చిన్న కొడుకు చిప్స్ ప్యాకెట్టు ఖాళీచేసి, ఉండచుట్టి విసిరాడు. కందకంలో పడింది. నెట్‌వర్క్ పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి స్క్రీన్ మీద డాలస్ పిల్లలు కూడా ఉన్నారు, నిద్రకళ్ళతో. ఇక పరువు సమస్య. అటుగా పోతున్న కీపర్‌ని పిలిచాడు.

"అన్నా, జర లేపరాదే. అమెరికా నుంచి చూస్తున్నరు."

"అది ఇప్పుడు లేవది సార్."

"గట్లయితే టికెట్ పైసలెందుకు తీసుకున్నరు?"

న్యాయమైన ప్రశ్న. వినియోగదారుల ఫోరంలో నిలబడే ప్రశ్న. కీపర్ దగ్గర జవాబు లేదు, వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే పులి ఈగ మీద విసుగుతో తోక ఒక్కసారి ఆడించింది. "కదిలింది! కదిలింది!" అని ఇక్కడ కుటుంబమంతా కేకలు. డాలస్‌లో వీడియో స్తంభించిపోయి ఉంది. వాళ్ళు చూడలేదు.

ఇంతసేపూ ఆయన ఆనుకుని నిలబడింది దేనికనుకున్నారు? జంతువులను ఏడిపించరాదు అన్న బోర్డుకి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె అని ఒక సెక్షన్ ఉంది. జూలో జంతువును ఏడిపించినా, గొడవచేసి బెదరగొట్టినా, తిండి విసిరినా, చెత్త వేసినా ఆరు నెలల దాకా జైలు. దాన్ని నిజంగా అమలుచేస్తే ఆదివారం సాయంత్రానికి చర్లపల్లి జైలుకి ఇంకో బ్లాకు కట్టాలి.

ఇలాంటి బాధితుల కోసమే ఈ మెరుగులన్నీ. కందకం పూడ్చి అద్దం పెట్టొచ్చు, అప్పుడు ఈలతో పనిలేదు, వేళ్ళతో టకటకా కొట్టొచ్చు. బండ తీసేయొచ్చు. పొదలు నరికేయొచ్చు. పులి రోడ్డు వైపు ముఖం పెట్టి పడుకునేలా ఏసీ బండ ఒకటి వేయొచ్చు. వెటకారం అనుకోకండి, చలిదేశాల జూల్లో అద్దం పక్కన వేడిచేసిన బండలు నిజంగానే పెడతారు, జంతువు వచ్చి అక్కడ కూర్చోవాలని. మనం రావడానికి ఇబ్బంది లేకుండా ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు. అంత దూరం సిగ్నల్ లేకుండా దూసుకొచ్చిన మనిషికి నాలుగు అడుగుల బండ అడ్డం రావడం అన్యాయం కాదూ?

అయితే ఒక గదికి మాత్రం ఏ అద్దమూ అక్కర్లేదు. నైట్ హౌస్. మీరూ నేనూ ఎప్పుడూ చూడం. సాయంత్రం పులిని లోపలికి పిలిచి, మాంసం పెట్టి, తలుపు దించుతారు. పొద్దున దాకా అక్కడే. గేటు తెరిచి ఉండేది ఎనిమిదిన్నర గంటలు కదా, మిగతా పదిహేనున్నర గంటల మాటేమిటి? దేశంలోని జూలను పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ వారి 2009 నిబంధనల్లో పులికి, సింహానికి ఆ గది కనీస కొలతలు ఉన్నాయి: పొడవు 2.75 మీటర్లు, వెడల్పు 1.80, ఎత్తు 3. నేల లెక్క కడితే 53 చదరపు అడుగులు. మియాపూర్‌లో ఏ బిల్డరైనా అంత గదికి ప్లానులో 'స్టోర్' అని రాస్తాడు. బయటి ఎన్‌క్లోజరు జంటకు కనీసం 1000 చదరపు మీటర్లు ఉండాలని కూడా అవే నిబంధనలు చెప్తాయి. 'కనీసం' అన్నారు. అంతకన్నా పెద్దది కడితే కేసు పెడతామని ఎక్కడా అనలేదు.

జంతువు బతుకు మెరుగవడమంటే ముందు ఈ గది. నేల తడి ఆరుతుందా, ఏప్రిల్‌లో గాలి ఆడుతుందా, కీపర్ మాంసం పెట్టేటప్పుడు తలుపు గొళ్ళెం నమ్మకంగా పడుతుందా, మీర్ ఆలం నీళ్ళు సఫారీలోకి వచ్చే వానాకాలాల్లో మురుగు ఎటు పోతుంది. దీనికి శంకుస్థాపన చేస్తే ఫోటోలో ఏం కనిపిస్తుంది? గొట్టం. అందుకే ఎవరూ చేయరు.

దగ్గరగా అంటున్నారు. ఇంకెంత దగ్గరగా? 2000 అక్టోబరులో ఇదే జూలో సఖి అనే ఆడపులిని దాని బోనులోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. అడవిలో కాదు. మనం కట్టిన గోడల మధ్య, మనం వేసిన తాళాల వెనక. 2016లో ఒకాయన తాగి, సింహానికి షేక్‌హ్యాండ్ ఇస్తానని కందకంలోకి దూకాడు, కీపర్లు సింహాల దృష్టి మళ్ళించి ప్రాణాలతో బయటికి లాగారు. 2021లో ఇక్కడి ఎనిమిది సింహాలకి కోవిడ్ వచ్చింది. అవి ఏ పెళ్ళికి వెళ్ళి తెచ్చుకున్నాయి? మన దగ్గర్నుంచే కదా! మన పులికి ఇప్పుడు ఈ భూమ్మీద మిగిలిన ఆస్తి ఒక బండ. ఆ బండ చాటు. దాన్ని కూడా మన ఫోన్ కోసం లాక్కుంటారా? సిగ్గుండాలి. లేపడానికి ఈల వేసేవాడికీ ఉండాలి, ఆ ఈలని 'సందర్శకుల అభిప్రాయం' అని ఫైల్లో రాసుకునేవాడికీ ఉండాలి.

ఈ జూ చేసిన మంచి పని ఒకటి చెప్తాను. మూషిక జింక అని ఒకటుంది. కుందేలంత ఉంటుంది, భయస్తురాలు, ఆకు కదిలినా మాయమవుతుంది. 2010లో అత్తాపూర్‌లోని ల్యాకోన్స్‌తో, అంటే అంతరించిపోతున్న జంతువుల కోసం సీసీఎంబీ పరిశోధన సంస్థ నడిపే ల్యాబుతో కలిసి వాటి సంతతిని పెంచే పని ఇక్కడ మొదలుపెట్టారు. కొన్నిటితో మొదలైనవి వందలకు చేరాయి, కొన్నిటిని నల్లమలలో అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఇదంతా జనం తిరిగే దారికి దూరంగా జరిగింది. అద్దం లేదు, ఈల లేదు, చిప్స్ లేవు. ఎవరి అన్నకీ వీడియో కాల్‌లో చూపించలేదు. చూపించి ఉంటే ఆ జింకలు పిల్లల్ని కనేవి కావు, గుండె ఆగి చచ్చేవి.

కాబట్టి ప్లాను గీస్తున్న పెద్దలకు నాదొక చిన్న అభ్యర్థన. ముందు నైట్ హౌస్ డ్రాయింగులు బయటపెట్టండి, చూస్తాం. ఇప్పుడున్న బండ జోలికి పోకండి, వీలైతే దాని పక్కన ఇంకో రెండు వేయండి. పొదలు దట్టంగా పెంచండి. ఇదంతా అయ్యాక బడ్జెట్ ఏమైనా మిగిలితే, ఏనుగు తొండం ఆకారంలో గేటు కట్టి, దానికి గులాబీ రంగు లైట్లు పెట్టుకోండి. ప్రారంభోత్సవానికి నేనే ముందు వచ్చి ఫోటో దిగుతాను.