కడబంతిలో తాతయ్య

కుడిచేతి చిటికెన వేలినీ ఉంగరం వేలినీ కలిపి కట్టేశారు. మూడు వారాలు ఇలాగే ఉండాలట. చారన్నం చెంచాతో తింటున్నాను. ఇది కూడా ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరమే నొక్కుతూ రాస్తున్నాను. ఇండియా నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే బాత్రూంలో జారానని చెప్పమని మా ఆవిడకు ముందే చెప్పి పెట్టాను. ఆవిడ ఫోన్ ఎత్తడం ఆలస్యం, "మీ అన్నయ్యగారు ఫుట్‌బాల్ ఆడారొదినా" అని మొదలుపెడుతోంది. ఆ తర్వాత వడియాల సంగతి వస్తుంది. నా వేలి సంగతి చివర్న, టైముంటే.

అందుకే నా వాదన కూడా ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి.

మా అబ్బాయి ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌లో. ఆగస్టులో ఆ ఊరు సంక్రాంతికి ముందు భీమవరంలా ఉంటుంది. అక్కడ పుంజుల గురించి మాట్లాడుకున్నట్టే ఇక్కడ ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కుర్రాళ్ల గురించి మాట్లాడుకుంటారు. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చేత్తో విసిరి చేత్తో పట్టే ఆట. ఎవడు కండ పట్టాడు, ఎవడి మోకాలు బాగుపడింది, ఎవడు ఎంత వేగంగా ఉరుకుతున్నాడు అని. కాలేజీ పిల్లల ఆటకి గుర్రపునాడా ఆకారంలో స్టేడియం కట్టారు, 1922లోనే. ఇప్పుడందులో 1,02,780 మంది కూర్చోవచ్చు. నేను చదివిన కాలేజీలో ఆటల పీరియడుకి ఒక వాలీబాల్ ఉండేది. అందులో గాలి ఉండేది కాదు.

వచ్చిన కొత్తల్లో కిరాణా షాపులో బిల్లు కొట్టే అమ్మాయి మా అబ్బాయి టోపీ చూసి "ఓ హెచ్" అంది. వాడు వెంటనే "ఐ ఓ" అన్నాడు. నాకు గుండె జారింది. తెనాలి పక్క పల్లెల్లో ముప్పై ఎనిమిదేళ్లు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరైనవాణ్ణి. మా డిపార్ట్‌మెంట్‌లో ఐ.ఓ. అంటే ఇంక్వైరీ ఆఫీసర్. ఇక్కడ మాత్రం అది ఆ జట్టు వాళ్ల పలకరింపట. ఒకరు సగం అంటే రెండోవాళ్లు మిగతా సగం పూర్తి చేయాలి. ఓ, హెచ్, ఐ, ఓ. ఒహాయో.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఆయనా నాలాగే పెన్షనరు. సాయంత్రాలు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాది తపాలా ఇంగ్లీషు, 'కైండ్లీ అక్నాలెడ్జ్ రిసీట్' తరహా. అయినా మా ఇద్దరికీ బాగానే కుదిరింది, ఎందుకంటే ఆయన చెబుతారు, నేను తలూపుతాను. ఒకరోజు "ఈ ఏడు మన వైడ్ రిసీవర్లను చూడు!" అన్నారు. నాకు తెలిసిన రిసీవర్లు రెండే. ఒకటి టెలిఫోన్‌ది. రెండోది రిజిస్టర్డ్ పోస్టు అందుకుని సంతకం పెట్టేవాడు. ఆయన ఒక పాత కవరు వెనక బొమ్మ గీసి చూపించారు. మధ్యలో లావుపాటి మనుషులు ఒకరినొకరు నెట్టుకుంటూ ఉంటారు. వాళ్ల వెనక బంతి పట్టుకుని క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, నిలబడతాడు. వైడ్ రిసీవరు ఎక్కడో అంచున, గీత దగ్గర, ఊరవతల ఇల్లులా ఒంటరిగా ఉంటాడు. ఆట మొదలవగానే పరిగెత్తాలి. బంతి వస్తుందో రాదో తెలియదు. చాలాసార్లు రాదు. కానీ రాదని వాడి మొహంలో తెలియకూడదు, వస్తున్నట్టే పరిగెత్తాలి.

అప్పుడు నాకు టక్కున వెలిగింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు!

ఈ సామెతని ఆయనకి ఇంగ్లీషులో చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెళ్లి భోజనం అంటే ఏమిటో, విస్తరి అంటే ఏమిటో, పులిహోర గంగాళం మొదటి వరసలోనే ఎలా అయిపోతుందో అన్నీ చెప్పాలి కదా. బంతి అంటే వరస, బంతి అంటే బాల్ కూడా అని చెప్పేసరికి ఆయన కాఫీ చల్లారిపోయింది. కానీ అర్థమయ్యాక తొడ చరిచారు. "సరిగ్గా ఇదే మా బెంగ! తినేవాళ్లు దేశంలోకెల్లా గొప్పవాళ్లు, వడ్డించేవాడెవరో ఇంకా తేల్లేదు" అన్నారు.

ఇక అక్కడి నుంచి రోజూ క్లాసు. 2025 జనవరి 20న అట్లాంటాలో నోట్రడామ్ మీద 34-23తో ఛాంపియన్‌షిప్ గెలిచారు కదా, ఆ ఆట చివర్లో జెరమయా స్మిత్ అనే కుర్రాడు 56 గజాల బంతి అందుకున్నాడు. మొదటి సంవత్సరం విద్యార్థి! ఆ సీజన్ మొత్తమ్మీద బంతులు పట్టి సాధించింది 1,315 గజాలు, బంతిని చివరి గీత దాటించిన టచ్‌డౌన్లు 15. మొదటి సంవత్సరంలో నేను హాస్టల్ మెస్సులో రెండోసారి సాంబారు అడగడానికి కూడా భయపడేవాణ్ణి. ఆ 56 గజాల బంతి విసిరిన విల్ హోవర్డ్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. స్మిత్‌కి తోడుగా ఆడిన ఎమెకా ఎగ్‌బూకా కూడా వెళ్లిపోయాడు, ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో టాంపా బే వాళ్లు మొదటి రౌండులోనే ఎగరేసుకుపోయారు. 2022 నుంచి 2025 దాకా ఏటా ఈ కాలేజీ రిసీవర్లు మొదటి రౌండులో అమ్ముడుపోతూనే ఉన్నారు, మొదటి ఏడాది ఏకంగా ఇద్దరు. వాళ్లలో మార్విన్ హారిసన్ జూనియర్ వాళ్ల నాన్న కూడా పేరుమోసిన రిసీవరేనట. వారసత్వం సంగతి తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదని చెబుదామనుకున్నాను గానీ, మళ్లీ ఇరవై నిమిషాలవుతుందని ఊరుకున్నాను.

అలా 2025 సీజన్‌కి మిగిలింది స్మిత్, కార్నెల్ టేట్, బ్రాండన్ ఇన్నిస్. ఆగస్టు 30న టెక్సాస్‌తో మొదటి ఆట. జూలియన్ సేయిన్ వడ్డిస్తాడా, లింకన్ కీన్‌హోల్జ్ వడ్డిస్తాడా అని ఊరంతా టెన్షన్. ఆగస్టు మూడో వారంలో సేయిన్ పేరు ఖరారైంది. పెద్దాయన వరండాలోంచే ఆ వార్త అరిచి చెప్పారు. నాకు మా డివిజన్‌లో ట్రాన్స్‌ఫర్ లిస్టు వచ్చిన రోజు గుర్తొచ్చింది.

ఇదంతా మా మనవడి చెవిన కూడా పడుతూనే ఉంది. వాడికి పదకొండేళ్లు, క్వార్టర్‌బ్యాక్ కావాలని కోరిక. విసిరేవాడికి పట్టేవాడు కావాలి. వాళ్ల నాన్నకి ఎప్పుడూ మీటింగులే. కోడలికి మోకాళ్ల నొప్పి. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేను, కుక్క. కుక్క బంతి పట్టుకుంటే తిరిగివ్వదు.

ఆ బంతి గురించి కొంచెం చెప్పాలి. చూడ్డానికి కాయ బొప్పాయి, బరువు నాలుగొందల గ్రాములు, పొట్ట మీద ఆపరేషన్ చేసినట్టు కుట్లు. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. దాన్ని అరచేతులతో కాకుండా వేళ్లతో పట్టాలట. అసలు రిసీవర్లయితే బంతులు విసిరే మిషన్ ముందు నిలబడి రోజూ వందలకొద్దీ పడతారట. నేను రెండు వారాల్లో పట్టినవి పదకొండు. అందులో మూడు కడుపుతో.

పరుగులకి నంబర్లున్నాయి. రెండు అంటే రెండడుగులు వేసి లోపలికి ఏటవాలుగా తిరగాలి. తొమ్మిది అంటే వెనక్కి చూడకుండా నేరుగా లగెత్తడమే. ఎనిమిది అంటే కొంతదూరం నేరుగా వెళ్లి గోల్‌పోస్టు ఉండే వైపు, అంటే మధ్యకి తిరగాలి. ఈ ఎనిమిదికి ఒక పేరు కూడా ఉంది. ఆ పేరు వాడు నాకు ఆ శనివారం దాకా చెప్పలేదు. కేసంతా ఇక్కడే ఉంది, దయచేసి గుర్తుపెట్టుకోండి.

అదే శనివారం మా ఆవిడ గుమ్మడి వడియాలు పెట్టింది. ఇండియన్ షాపులో బూడిద గుమ్మడికాయ దొరికింది. అమెరికాలో ఎండ అంతంతమాత్రం. వెనకాల చెక్క డెక్ మీద మేపుల్ చెట్టు నీడ, పైగా ఉడతలు. అందుకని ఇంటిముందు డ్రైవ్‌వే మీద, సిమెంటు బాగా కాలుతుందని, నా పాత పంచె పరిచి వరసలు వరసలుగా పెట్టింది. నూట ఇరవై వడియాలు. నాలుగు మూలలా నాలుగు పచ్చడి సీసాలు బరువు పెట్టింది. కారు బయటే పెట్టుకొమ్మని మా అబ్బాయికి హుకుం. వీధిలో నడిచేవాళ్లంతా ఆగి చూసి, ఏదో పూజ అనుకుని మర్యాదగా చెయ్యి ఊపి వెళ్తున్నారు.

పచ్చికలో మేము. ఎడమవైపు డ్రైవ్‌వే, కుడివైపు రోడ్డంచున పోస్టుడబ్బా. టైము పదకొండు కావొస్తోంది. పదకొండుకి పోస్టు బండి వస్తుంది. నేను ఇక్కడ చూసిన బళ్లలో స్టీరింగు మనకిలా కుడివైపున ఉన్నది అదొక్కటే. ఆ బండి కోసం రోజూ కిటికీ దగ్గర కాచుకుని కూర్చుంటానని ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చేవి కరెంటు బిల్లులే అయినా ఒక ఉత్తరం డబ్బాలో పడే చప్పుడు వింటే నాకు మధ్యాహ్నం నిద్ర బాగా పడుతుంది.

మనవడు బంతి రెండు చేతులా పట్టుకుని ఏదో అంకెలు అరిచాడు. నేను పరుగు అందుకున్నాను. కోడలు కొనిపెట్టిన ట్రాక్‌ప్యాంటు, కాళ్లకి హవాయి చెప్పులు. పది అడుగులు బ్రహ్మాండంగా వెళ్లాను. ఇంతలో వెనక నుంచి వాడు గొంతు చించుకుని అరిచాడు.

"తాతా, పోస్ట్!"

ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు! నేను ఆలోచించలేదు, నా కాళ్లే తిరిగాయి. కుడివైపు, డబ్బా దగ్గరకి. బంతి మాత్రం ఎడమవైపు, ఎనిమిదో నంబరు పరుగు తీసిన తాత ఉండాల్సిన చోటికి వెళ్తోంది.

"అటు కాదు తాతా! ఇటు! ఇటు!"

తిరిగి చూస్తే బంతి గాల్లో ఉంది. దాని కింద మా ఆవిడ వడియాలు. పెళ్లయి నలభై మూడేళ్లయిన మగవాడు ఆ క్షణంలో ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. ప్రాణాలకి తెగించి అటు ఉరికాను. ఒక చెప్పు పచ్చికలోనే ఉండిపోయింది. చేతులు చాచాను. బంతి మొన సరిగ్గా చిటికెన వేలి కొసకి తగిలింది, 'టక్' మని పచ్చి బెండకాయ విరిచినట్టు ఓ చప్పుడు. అక్కడి నుంచి అది నా గడ్డానికి, గడ్డం నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి చేతుల్లోకి వచ్చింది. నేను వెనక్కి రెండడుగులు వేశాను. రెండో అడుగు పంచె మీద పడింది. పంచె జారింది. కూర్చున్నాను.

మెత్తగానే ఉంది. చల్లగా కూడా ఉంది. పచ్చిమిర్చి, జీలకర్ర వాసన వచ్చింది. బంతి ఒళ్లోనే ఉంది.

పక్కింటి పెద్దాయన కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తేశారు. మనవడు మాత్రం ఒప్పుకోలేదు, గీత దాటాక పట్టానంటాడు. వాడి లెక్కలో డ్రైవ్‌వే హద్దు అవతల. పెద్దాయన దిగి వచ్చి, నేను కూర్చుని ఉండగానే, పచ్చికలో నా చెప్పు పడిన చోటునీ పంచె అంచునీ పరీక్షించారు. ప్రొఫెషనల్ ఆటలో అయితే రెండు పాదాలూ లోపల పడాలట. కాలేజీ ఆటలో ఒక్క పాదం చాలట. బంతి చేతికొచ్చినప్పుడు ఎడమపాదం పచ్చికలోనే ఉందని, క్యాచ్ చెల్లుతుందని తీర్పు చెప్పారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు నొప్పి వల్ల కూడా కావచ్చు.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అదే అన్నిటికన్నా ప్రమాదం. నన్ను చూసింది, నా కింద చూసింది, లెక్కపెట్టింది. "నలభై ఏడు" అంది. తర్వాత, "లేవకండి. లేస్తే ఇంకో పది పోతాయి."

పోస్టు బండి అప్పుడొచ్చింది. కరెంటు బిల్లు.

కోడలే కారులో డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది, సీటు మీద పాత తువ్వాలు పరిచి మరీ. అక్కడ నర్సమ్మ కాగితం మీద దెబ్బ ఎలా తగిలిందో రాసుకోవాలి. "మావయ్యగారూ, మీరు ఊరుకోండి, నేను చెబుతాను" అని కోడలు మెట్ల మీద జారానని చెప్పబోయింది. ఈలోగా నర్సమ్మ నా ప్యాంటు వెనక చూసి "అది ఏమిటి?" అంది. ఇక నిజమే చెప్పాల్సి వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, నరం బెణికింది. కట్టు కడుతూ ఆమె "ఓ హెచ్" అంది. ఈసారి నాకు భయమెయ్యలేదు. "ఐ ఓ" అన్నాను.

ఈ జట్టులో బాగా ఆడినవాళ్లకి హెల్మెట్ మీద బక్ఐ అనే చెట్టు ఆకు బొమ్మ అంటిస్తారు. సీజన్ చివరికి హెల్మెట్ నిండా తపాలా బిళ్లలు అంటించినట్టే ఉంటుంది. ఇంటికొచ్చాక మనవడు అలాంటి స్టిక్కరొకటి తెచ్చి నా కట్టు మీద అంటించాడు. మా ఆవిడ అది చూసి వంటింట్లో ఒక మూత గట్టిగా పెట్టింది.

మిగిలిన డెబ్బై మూడు వడియాలూ బుధవారానికి ఎండాయి. ఆ రాత్రి పక్కింటి పెద్దాయన్ని భోజనానికి పిలిచాం, విస్తరి సంగతి చూపిస్తానని మాటిచ్చాను కదా. ముద్దపప్పు, చారు, వేయించిన వడియాలు. వరసలో ముందు మనవడు, తర్వాత మా అబ్బాయి, కోడలు, చివర నేను, నా పక్కన ఆయన. వడ్డించేది మా ఆవిడ. సొంత మనిషే.

కంచం కాస్త ముందుకి జరిపాను. కట్టున్న చెయ్యి పైకెత్తాను. నా చుట్టుపక్కల అడ్డం ఎవరూ లేరు, ఆటలో దీన్ని ఓపెన్‌గా ఉండటం అంటారు. ఆవిడ ఎడమకి చూసింది, కుడికి చూసింది, నా తల మీదుగా చెయ్యి చాచి పెద్దాయన కంచంలో ఆరు వడియాలు వేసింది. ఆయన మొహమాటంగా నావైపు చూసి, ఒకటి నమలడం మొదలుపెట్టాడు. ఆ కరకర చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఆవిడ పళ్లెం పట్టుకుని మంచినీళ్లకి అటు తిరగ్గానే మనవడు నావైపు వంగాడు. వంటింట్లో వడియాల డబ్బా ఏ అరలో ఉందో వాడికి తెలుసు.

"తాతా," అన్నాడు గుసగుసగా, "తొమ్మిది."