మిల్లుకు కన్నీళ్లు, కూలీకి మౌనం

ఆసియా దేశాలు తమ జౌళి మిల్లులను ఎత్తుకుపోయాయన్నది అమెరికా దక్షిణాది రాష్ట్రాల రాజకీయ నాయకులకు అరగని రికార్డు. 2025 ఆగస్టులో మన సరకులపై అమెరికా వేసిన అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడూ సుంకాలను సమర్థించినవారు వినిపించింది ఆ రికార్డే. తమాషా ఏమిటంటే, టీషర్టులు కుట్టుకోవడం తమ ఉద్దేశం కాదని అంతకు మూడు నెలల ముందే అధ్యక్షుడు ట్రంప్ స్వయంగా చెప్పారు!

మూతపడిన మిల్లు ఊళ్ల కష్టం నిజమే, కాదనం. కానీ ఆ మిల్లులు అక్కడికి ఎలా వచ్చాయి? అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో నడుస్తున్న పరిశ్రమను చౌక కూలి, కార్మిక సంఘాలు లేని పల్లెలు, పనికి దొరికే పసిపిల్లలను చూపించి దక్షిణాది లాక్కుంది. తాము చేస్తే అభివృద్ధి, టీషర్టులు కుట్టే మన తిరుపూరు చేస్తే దొంగతనమా? పైగా నల్లజాతివారు తెల్లవారితో ఒకే గదిలో పనిచేయకూడదని దక్షిణ కరోలినా 1915లో చట్టమే చేసింది. ఇప్పుడు తలచుకుని మురిసిపోతున్న స్వర్ణయుగం ఇదే.

అదే రాష్ట్రంలో, అండర్సన్ కౌంటీలోని హనీ పాత్ అనే చిన్న ఊరి సంగతి చూడండి. జీతం పెంచకుండా మనిషికి మరిన్ని మగ్గాలు అంటగట్టడంపై 1934లో దేశమంతటా జౌళి కార్మికులు సమ్మెకు దిగారు. హనీ పాత్‌లోని చికోలా మిల్లు పర్యవేక్షకుడే ఆ ఊరి మేయర్ కూడా. ఇక న్యాయం ఎవరిని అడగాలి? సెప్టెంబరు 6న ఆ మిల్లు గేటు ముందు ఏడుగురు కార్మికులను కాల్చి చంపారు. చాలామందికి తూటాలు తగిలింది వీపులోనే. చర్చిలు తలుపులు మూసుకుంటే బయలులో అంత్యక్రియలు జరిపారు. ఎవరికీ శిక్ష పడలేదు. సమ్మె విరమిస్తే పనిలోకి తీసుకుంటారని నమ్మి వెళ్లినవారికి చాలా మిల్లుల్లో గేట్లు తెరుచుకోలేదు.

ఆ మృతులకు స్మారకం లేచింది 1995లో, అంటే 61 ఏళ్లకు. అంతవరకూ ఊరు నోరు విప్పలేదు, తాతలు మనవలకు చెప్పలేదు. మిల్లు పోయిందని మాత్రం రోజూ చెప్పుకున్నారు.

కార్మికుడి పేరు చెప్పి సుంకాలు వేసేవారు ముందు ఆ కార్మికుడికి తామేం చేశారో చెప్పాలి. సంఘం పెట్టుకుంటే తరిమిందెవరు, తూటాలు పేల్చిందెవరు? హనీ పాత్‌లో ఆ ఏడుగురిని చంపింది తిరుపూరు వాళ్లు కాదు.