రిపోర్టు కింద సంతకం ఎవరిది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో రక్తపరీక్షకు పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. బయాప్సీకి, అంటే ఒంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ముక్క పాడవకుండా ఫార్మలిన్ పోసిన డబ్బా బరంపురం దారో, విశాఖ దారో పడుతుంది. ఆ ముక్కను మైక్రోస్కోపు కింద చూసి క్యాన్సరా కాదా అని తేల్చే డాక్టరు ముఖం రోగికి తెలియదు. గుణుపురం, రాయగడ తెలుగువారి పరిస్థితీ అంతే.

మంచి ల్యాబు ఎక్కడుందని అందరూ వాకబు చేస్తారు. రిపోర్టు కింద సంతకం ఎవరిదని అడిగేవారు తక్కువ. పాథాలజీలో, అంటే ఇలా నమూనాలు చూసి జబ్బు తేల్చే శాస్త్రంలో, పీజీ చేసిన వైద్యుడే ఆ సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత కేంద్రం చిన్న ల్యాబులకు సడలింపులిచ్చింది. సాధారణ రక్తపరీక్షల వరకు అది సరేననుకున్నా, బయాప్సీకి ఎండీ పాథాలజీ చదివిన పేరు, దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లోని రిజిస్టరులో ఆ పేరు ఉందో లేదో నిమిషాల్లో చూసుకోవచ్చు. ల్యాబుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ బోర్డు గోడ మీద చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ గుర్తింపు పొందిన పరీక్షల జాబితాలో మన పరీక్ష ఉండాలి కదా!

బీమా దగ్గర మరో మెలిక ఉంది. బీమా కంపెనీతో ఒప్పందం ఉన్నవాటి నెట్‌వర్క్ జాబితాల్లో సాధారణంగా కనిపించేవి ఆసుపత్రుల పేర్లే. పాథాలజిస్టు వాటిలో ఎక్కడా ఉండడు. ఒడిశా 2025లో కేంద్రం ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. అర్హత ఉన్న కుటుంబం ఇప్పుడు విశాఖలో ఆ పథకం వర్తించే ఆసుపత్రిలోనూ చేరవచ్చు. కానీ చేరికకు ముందు 3 రోజుల పరీక్షల ఖర్చే ఆ పథకం కిందికి వస్తుంది. బయాప్సీ ఫలితం రావడానికే చాలాసార్లు అంతకన్నా ఎక్కువ రోజులు పడుతుంది. అంటే జబ్బేమిటో తేల్చే పరీక్షకు చాలాసార్లు రోగే జేబు తడుముకోవాలి. నా దృష్టిలో ఈ పథకంలోని పెద్ద లోపం ఇదే. ప్రైవేటు పాలసీలు చాలావరకు 30 రోజుల ముందు ఖర్చులూ ఇస్తాయి, అదే జబ్బుతో ఆసుపత్రిలో చేరితేనే. డాక్టరు చీటీ, అసలు బిల్లు పోగొట్టుకుంటే అదీ లేదు.

కాబట్టి అడగవలసింది ఆసుపత్రి కౌంటరులో. ముక్కపరీక్ష అక్కడే చేస్తారా, బయటికి పంపుతారా? పంపితే ఆ బిల్లు ప్యాకేజీలో కలిసిందా, విడిగా కట్టాలా? పథకం గురించి సందేహముంటే 14555కు ఫోను చేయవచ్చు. ఊళ్లో బయాప్సీ అయ్యాక రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ముక్కను పలుచగా కోసి అద్దిన గాజు స్లైడ్లు, మిగిలిన ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోవాలి. విశాఖ డాక్టరు రెండో అభిప్రాయం ఇవ్వడానికి కావలసినవి అవే. అవి చేతిలో లేకపోతే మళ్లీ ముక్క తీయవలసి రావచ్చు, మళ్లీ బిల్లు కట్టవలసి రావచ్చు.